మామగారి గొడుగు, తోడల్లుడి కెమెరా

మామగారి గొడుగు పోయిన రోజు ఆదివారం. ఆ ఉదయం పెద్దల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారిని పార్కుకు తీసుకువెళ్ళాలి, నీడలో బెంచీ మీద కూర్చోబెట్టాలి, నెలంతా దాచుకున్న రెండు జోకులు చెప్పాలి. ఆవిడ ఒక నెల పెద్ద కూతురి ఇంట్లో, ఒక నెల చిన్న కూతురి ఇంట్లో ఉంటారు. ముందురోజు సాయంత్రమే చిన్న కూతురి ఇంటి నుంచి ఆవిడను అతనే స్వయంగా వెళ్ళి తీసుకువచ్చాడు. అక్కడి నుంచి వచ్చిన ప్రతిసారీ ఆవిడ కాస్త ఒళ్ళు చేసి, కాస్త ఎక్కువ నవ్వుతూ వస్తారని అతనికి ఒక అనుమానం.

"పదండి అత్తయ్యగారూ, ఎండ ముదరకముందే వెళ్ళొద్దాం."

"గొడుగు తీసుకుని వస్తానండీ, అల్లుడుగారూ."

తలుపు వెనక గొడుగు లేదు. మంచం కింద లేదు, బీరువా పక్కన లేదు, బాల్కనీలో లేదు. గొడుగంటే గొప్ప గొడుగేమీ కాదు. నల్లగుడ్డ, వంకీ తిరిగిన చెక్క పిడి, విరిగిన ఒక ఊచ. విప్పితే ఒక పక్క దెబ్బ తగిలిన రెక్కలా వేలాడుతుంది. "వచ్చే ఆదివారం బాగుచేయిస్తాను" అన్నారు మామగారు. ఆ ఆదివారానికి ఆయన లేరు. అప్పటి నుంచి ఎండైనా, వానైనా, రెండూ లేకపోయినా ఆ గొడుగు అత్తగారి చేతిలో ఉంటుంది. బాగుచేయిస్తామని అల్లుళ్ళిద్దరూ పోటీలు పడి అడిగారు. ఇద్దరికీ ఒకటే జవాబు. "ఆయన చేయిస్తానన్నారు కదా. ఉండనివ్వండి."

"నిన్న వచ్చేటప్పుడు మీ చేతికే ఇచ్చాను కదండీ?" అన్నారు అత్తగారు మెల్లగా.

"అవునండీ. తెచ్చాను. ఇక్కడే, ఈ తలుపు వెనకే పెట్టాను."

అతను లైబ్రేరియన్. పుస్తకం అరలో, అర గదిలో, గది తాళం తన జేబులో ఉండాలని నమ్మే మనిషి. ఆ చేతుల మీదుగా ఇంతవరకూ ఏదీ పోలేదని అతను అందరికీ చెబుతాడు. అతని భార్య మాత్రం ఒప్పుకోదు.

"ట్యాక్సీలో మర్చిపోయారేమో చూడండి."

"నేనా? మర్చిపోవడమా?"

"మొన్న కళ్ళజోడు పెట్టుకుని కళ్ళజోడు వెతికారు."

"అది వేరే విషయం."

ట్యాక్సీ అతనికి ఫోన్ చేశారు. గొడుగు లేదన్నాడు. ఇక మిగిలింది దొంగతనమేనని పెద్దల్లుడు తేల్చాడు. సామాను లోపలికి చేర్చేటప్పుడు తలుపు తెరిచి ఉంది, ఎవరో చెయ్యి పెట్టి లాక్కుపోయారు. విరిగిన గొడుగు ఎవరికి పనికొస్తుందని భార్య అడిగితే, దొంగ విప్పి చూసుకుని ఉండడని చెప్పాడు. అత్తగారు ఇద్దరి మాటా విన్నారు. చెప్పులు విప్పేసి, కుర్చీలో కూర్చుని, ఒక్క మాటే అన్నారు. "పోనీలెండి. ఇంకేదైనా జాగ్రత్తగా పెట్టుకుందాం."

ఆ మాట తిట్టయినా బాగుండేది. వస్తువు నిలవని ఇంట్లో మనిషి ఎన్నాళ్ళుంటుందన్న ప్రశ్న అప్పుడే అతనికి పట్టుకుంది. సరిగ్గా అప్పుడే చిన్నల్లుడు ఫోన్ చేశాడు.

"అన్నయ్యగారూ, ఇప్పుడే తెలిసింది. మీ గుమ్మానికి ఒక కెమెరా ఉంటే ఈపాటికి దొరికిపోయేది. మాది చూశారుగా, కొత్తది. క్లౌడ్. ఆఫీసులో కూర్చునే మా వరండాలో పిల్లి తిరగడం కూడా చూస్తాను."

"పిల్లిని చూడటానికి ఆఫీసెందుకు తమ్ముడూ, ఇంట్లో కూర్చున్నా కనపడుతుంది."

అటు నుంచి పెద్ద నవ్వు. చిన్నల్లుడితో వచ్చిన చిక్కే అది, ఎంత పొడిచినా నవ్వుతాడు. ఆపైన, "ఒకసారి అత్తయ్యకివ్వండి" అన్నాడు. అత్తగారు ఫోన్ అందుకుని, "ఏరా నాన్నా, తిన్నావా?" అన్నారు. ఆ గొంతు వేరు.

పెద్దల్లుడి బాధంతా అక్కడే ఉంది. తనను "అల్లుడుగారూ" అంటారు. "కూర్చోండి, తీసుకోండి, మీకెందుకండీ శ్రమ" అంటారు. వెనకొచ్చిన చిన్నల్లుణ్ణి "ఒరేయ్" అంటారు. బనియను తిరగేసి వేసుకున్నావని అతన్ని తిడతారు. ఇన్నేళ్ళలో తనను ఒక్కసారి తిట్టింది లేదు. మర్యాద పేరు చెప్పి గుమ్మం అవతలే నిలబెట్టేసినట్టు ఉంటుంది అతనికి. మామగారి గొడుగు తన చేతిలో పోయింది. ఇక "ఒరేయ్" మీద ఆశ కూడా పోయినట్టే. గొడుగు దొరకాలి, అది తనకే దొరకాలి.

సోమవారం అతను కెమెరాల షాపులో ఉన్నాడు.

"క్లౌడా అండీ, లోకలా?" అన్నాడు షాపతను.

"తేడా ఏమిటి?"

షాపతను పాఠంలా అప్పజెప్పాడు. "క్లౌడంటే మీ వీడియో నెట్ మీద కంపెనీ వాళ్ళ కంప్యూటర్లలోకి వెళ్ళిపోతుంది. ఎక్కడున్నా ఫోన్లో చూసుకోవచ్చు. దొంగ కెమెరా పీక్కుపోయినా వీడియో భద్రం. కాకపోతే నెలనెలా కట్టాలి, నెట్ పోతే అంతే సంగతులు, నెల దాటినవి వాళ్ళే చెరిపేస్తారు. లోకలంటే మీ ఇంట్లోనే ఒక పెట్టె. నెలవారీ గొడవ లేదు, మీ ఇంటి సంగతి గడప దాటదు. కాకపోతే దొంగ పెట్టెనే ఎత్తుకుపోతే మీరు చేసేదేం లేదు. నిండిపోతే పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది. మీకేది ముఖ్యమో చెప్పండి."

పెద్దల్లుడు చాలాసేపు ఆలోచించినట్టు మొహం పెట్టాడు.

"మా తోడల్లుడిది క్లౌడు."

"బాగుంటుందండీ అది కూడా."

"అయితే లోకల్ ఇవ్వండి."

గుమ్మం బయట కెమెరా బిగించారు. పెట్టెను హాల్లో పుస్తకాల అరలో, ఎవరూ ముట్టుకోని లావుపాటి నిఘంటువుల వెనక దాచాడు. అది ఎక్కడుందో భార్యకు కూడా చెప్పలేదు. ఆవిడ దుమ్ము దులుపుతూ మర్నాడే చూసింది, చూసినట్టు చెప్పలేదు.

"ఏమండీ, ఒక మాట అడుగుతాను. ఇప్పుడు పెట్టిన కెమెరా మొన్న పోయిన గొడుగును ఎలా చూపిస్తుంది?"

"దొంగ మళ్ళీ వస్తాడు."

"దేనికి? విరిగింది ఇచ్చారని తగాదా పెట్టుకోవడానికా? మొన్నటి సంగతి తెలిసింది మా మరిది గుమ్మం కెమెరాకే. అక్కడ బయలుదేరినప్పుడు గొడుగు ఎవరి చేతిలో ఉందో చూడమంటే సరిపోతుంది. నెల దాటితే అదీ ఉండదట. ఫోన్ చెయ్యండి."

"చెయ్యను. నేను అడగడం, అతను స్పీకర్ పెట్టడం, ఆఫీసంతా వినడం. వద్దు."

ఆవిడ మొండివాళ్ళతో వాదించదు, పక్కనుంచి పని జరిపిస్తుంది.

దొంగ రాలేదు కానీ, నాలుగో రోజు కెమెరాలో ఒకతను దొరికాడు. బొమ్మ మసకగా ఉంది. చంకలో నల్లటి పొడుగాటి వస్తువుతో మెట్లెక్కి పోతున్నాడు. పెద్దల్లుడు పైవాటాకు పరుగెత్తాడు. అక్కడ ఫ్లూటు నేర్పే మాస్టారు ఉంటారు.

"క్షమించాలి. మీ చంకలో నల్లగా, పొడుగ్గా ఏదో ఉంది. ఒకసారి చూడొచ్చా?"

ఫ్లూటు మాస్టారు శాంతంగా పెట్టె తెరిచి చూపించారు. లోపల ఫ్లూటు ఉంది.

"గొడుగనుకున్నాను."

"నేను వాయిస్తే కూడా అలాగే అనుకుంటారా?"

ఆ సాయంత్రానికి ఇంటి ఓనరు దిగారు. మెట్ల మీద ఎక్కే దిగే పిల్లలందరినీ ఈయన వీడియో తీస్తున్నారని మాస్టారు ఫిర్యాదు చేశారట. "కెమెరా మీ ఇల్లు చూసుకోవడానికి పెట్టుకున్నారా, మా మెట్లు చూసుకోవడానికా?" అన్నారు ఓనరు. కెమెరా లోపలికి వచ్చింది. హాల్లో, గుమ్మానికి ఎదురుగా, గోడకెక్కింది. తలుపు తీసుకుని వచ్చేవాళ్ళు అందులో పడతారని పెద్దల్లుడు అందరికీ చెప్పాడు. అయితే గుమ్మం పక్కనే అత్తగారి కుర్చీ ఉంది. ఫోన్ సిగ్నల్ బాగా అందే చోటు అదొక్కటే.

సాయంత్రం లైబ్రరీ నుంచి వచ్చి అతను ఆనాటి రికార్డు పెట్టుకున్నాడు. దొంగ లేడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తగారు కుర్చీలో కూర్చుని ఫోన్లో మాట్లాడుతున్నారు. ఈ కెమెరాకు మాట వినపడదు, బొమ్మ మాత్రమే. ఆవిడ నవ్వారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్ళీ నవ్వారు. చేత్తో గాల్లో చిన్న మొట్టికాయ వేశారు. అవతల ఎవరో చెప్పడానికి శబ్దం అక్కర్లేదు.

మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. గొడుగు కోసం కొన్న కెమెరా ముందు కూర్చుని ఒక పెద్దమనిషి అత్తగారి నవ్వులు లెక్కపెట్టసాగాడు. రాత్రి భోజనాల దగ్గర తన రెండు జోకుల్లో మంచిది చెప్పి చూశాడు. "బాగుందండీ, అల్లుడుగారూ" అన్నారావిడ. కొంగు కదల్లేదు.

"మధ్యాహ్నం ఎవరైనా ఫోన్ చేశారా, అత్తయ్యగారూ?" అన్నాడు మామూలుగా, కంచంలోకి చూస్తూ.

అత్తగారు కూతురి వైపు చూశారు. కూతురు నీళ్ళ గ్లాసు వైపు చూసింది. "ఎవరూ లేదండీ" అన్నారు అత్తగారు.

ఆ రాత్రి అతనికి నిద్ర సరిగా పట్టలేదు. నెలాఖరు దగ్గరపడింది. అత్తగారు సంచి సర్దుకోవడం కెమెరాలో కనిపించింది. నెల తిరిగితే సర్దుకోవడం మామూలే. కానీ ఈసారి గోడ మీదున్న మామగారి ఫొటో కూడా దింపి, తుడిచి, తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టారు. ఆ ఫొటో ఇంతవరకూ ఇల్లు మారలేదు. ఫొటో వెళ్ళిపోతోందంటే ఇక మనిషి తిరిగి రాదన్నమాట. అతను గోడ మీద మిగిలిన మేకుకేసి చాలాసేపు చూశాడు.

మర్నాటితో చిన్నల్లుడి క్లౌడులో ఆ రోజు వీడియో చెరిగిపోతుంది. మధ్యాహ్నం సెలవు పెట్టి పెద్దల్లుడు తోడల్లుడి ఇంటికి బయలుదేరాడు. మనిషికి మనిషే ఎదురుగా నిలబడి అడిగేస్తే ఆఫీసు వినదు.

బెల్లు కొట్టాడు. ఎవరూ తీయలేదు. మళ్ళీ కొట్టాడు. లేకపోవడమే మంచిదైంది, ఎలా అడగాలో సరిచూసుకోవచ్చు అనుకున్నాడు. తలుపుకేసి తిరిగి, గొంతు సవరించుకున్నాడు.

"తమ్ముడూ, ఊరికే ఇటు వెళ్తూ..." బాగాలేదు. "తమ్ముడూ, మా లైబ్రరీలో కెమెరాల మీద ఒక ఉపన్యాసం ఉంది, నమూనాకి ఒక క్లిప్పు..." అబద్ధం, పైగా అడ్డప్రశ్న వేస్తాడు. చేతులు కట్టుకుని, విప్పుకుని, చివరికి అతను తలుపుతో నిజం చెప్పాడు.

"ఒరేయ్, నాకు కుళ్ళురా. నీ కెమెరా మీద కాదు. నా పెట్టె కన్నా నీ క్లౌడే మంచిదయ్యుండొచ్చు, నాకక్కర్లేదు. నిన్ను ఆవిడ తిడతారు. నాకు ‘తీసుకోండి’ అంటూ వడ్డిస్తారు. నేనేమన్నా తనిఖీకి వచ్చిన ఆఫీసర్నా? నా జోకుకి ‘బాగుందండీ’ అంటారు. నువ్వు ఫోన్ ఎత్తితే చాలు, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతారు. రోజూ చూస్తున్నాను. ఆ గొడుగు దొరికి, నా చేతుల్తో ఇస్తే, ఒక్కసారి ‘ఒరేయ్’ అంటారేమోనని..."

"ఒరేయ్!"

పెద్దల్లుడు ఆగిపోయాడు. తలుపు మూసే ఉంది. వీధిలో ఎవరూ లేరు.

"ఒరేయ్, నిన్నే! ఎండలో నిలబడి ఆ వాగుడేమిటి? ఇంటికి రా!"

గొంతు అత్తగారిది. వస్తున్నది వరండా కప్పు కింద కెమెరాలోంచి.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. ఆ మధ్యాహ్నం చిన్నల్లుడు కూడా సెలవు పెట్టాడు. భార్యతో కలిసి పెద్దల్లుడి ఇంటికే వచ్చాడు. అతని చేతిలో ఒక కొత్త గొడుగు ఉంది. నల్లగుడ్డ, వంకీ తిరిగిన చెక్క పిడి. మామగారు గొడుగు పట్టుకుని దిగిన ఆ గోడ మీది ఫొటోను అత్తగారు ఫోన్లో తీసి పంపితే, దాన్ని చూపించి ఎన్నో షాపులు తిరిగి సంపాదించాడు. మధ్యాహ్నాల ఫోన్లన్నీ అందుకే. షాపుల్లో తాను పడ్డ అవస్థలు చిన్నల్లుడు నటించి చెబుతుంటే ఆవిడ నవ్వారు. చివరికి పిడి వంపు తేల్చుకోవడానికి అసలు ఫొటోయే కావాలంటే, దింపి సంచిలో పెట్టుకున్నారు కానీ, అది చేరకముందే అలాంటి గొడుగు దొరికిపోయింది. గొడుగును తలుపు వెనక పెట్టేసి, "అదిగో, ఇక్కడే ఉంది" అనాలని నలుగురి పథకం. "అల్లుడుగారి మొహం చూడలేకపోతున్నానే. గొడుగు పోతే పోయింది" అని మొదట అన్నది అత్తగారే.

ఎందుకంటే వాళ్ళకు మొదటి వారంలోనే తెలిసిపోయింది. పెద్ద కూతురు అడిగిన రోజే చిన్నల్లుడు క్లౌడులో చూశాడు. వరండాలో గొడుగు పెద్దల్లుడి చేతిలో ఉంది. ట్యాక్సీ ఎక్కేటప్పుడు లేదు. కదలిక ఉంటే తప్ప ఆ కెమెరా తీయదు కాబట్టి మధ్యలో ఏం జరిగిందో లేదు. గేటు దగ్గరో రోడ్డు మీదో వదిలేసి ఉంటారు, ఆ మాట ఎవరూ ఎత్తొద్దని చిన్నల్లుడు అందరి దగ్గరా మాట తీసుకున్నాడు. "అన్నయ్యగారు తట్టుకోలేరు" అన్నాడు.

కొత్త గొడుగు తలుపు వెనక పెడుతుండగా చిన్నల్లుడి ఫోన్ మోగింది. గుమ్మంలో ఎవరో ఉన్నారంది. నలుగురూ తలలు వంచి చూశారు, విన్నారు. చిన్నల్లుడు ఆపేయబోతే అత్తగారు ఫోన్ లాక్కున్నారు. మాట్లాడాలంటే ఎక్కడ నొక్కాలో ఆవిడకు బాగా తెలుసు, పిల్లిని అదిలించేది ఆవిడే.

ఇటు పెద్దల్లుడికి వినపడ్డది ఇంకా లోపలికి దిగలేదు. సిగ్గు ముందు చేరింది. కెమెరాకు కనపడకూడదు, అంతే. ఒక్క గెంతులో పక్కనున్న స్తంభం వెనక్కి దూరాడు. ఆ చోటు అతనికి తెలుసు. నెల కిందట అత్తగారు చెప్పులు వేసుకుంటూ గొడుగు చేతికిచ్చినప్పుడు, తోడల్లుడి కొత్త కెమెరా ఏ రకమో ఫొటో తీసుకోవాలనిపించింది. ఈర్ష్యపడుతూ ఆ కెమెరాకే దొరికిపోకూడదని ఈ స్తంభం వెనకే నక్కాడు. రెండు చేతులూ కావలసి వచ్చి...

నెత్తికి ఏదో గట్టిగా తగిలింది. స్తంభం వెనక వాన నీళ్ళ గొట్టానికి, వంకీ తిరిగిన చెక్క పిడితో, నల్లగా, దుమ్ము పట్టి గొడుగు వేలాడుతోంది. ఇంటివాళ్ళు కారు షెడ్డు వైపు నుంచి వస్తూ పోతూ ఉంటారు. ఆ మూలలోకి తలపెట్టి చూడాల్సిన అవసరం, కెమెరాకు కనపడకూడదనుకున్న మనిషికి తప్ప ఎవరికీ ఉండదు.

ఫోన్లో నలుగురికీ కాసేపు ఖాళీ వరండా కనిపించింది. తరవాత ఒక పక్క నుంచి ముందు గొడుగు వచ్చింది. దాని వెనక పెద్దల్లుడు.

"దొరికింది, అత్తయ్యగారూ" అన్నాడు కెమెరాతో. "నేనే పెట్టాను."

"తెలుసు. రా."

ఇంటికి చేరేసరికి నలుగురూ హాల్లో కూర్చుని ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి మరదలు వంటింట్లోకి వెళ్ళింది. అత్తగారు గొడుగు అందుకుని, విప్పి, విరిగిన ఊచ తడిమి చూసుకున్నారు. ముడిచి ఒళ్ళో పెట్టుకున్నారు.

"మా ఆయన చెప్పారు నాకు. ఇంటికి వచ్చిన మొదటి అల్లుడు, మర్యాద తగ్గితే ఊరుకోనన్నారు. వీడొచ్చేసరికి ఆయనకే ఓపిక పోయి, నీ ఇష్టం అన్నారు. మీ సంగతి మళ్ళీ అడుగుదామంటే, ఆయనేరీ?"

ఆవిడ పెద్దల్లుడికేసి ఎగాదిగా చూశారు.

"ఎండలో పడొచ్చి ఆ నిలబడటమేమిటి? కూర్చో. తల మీద అంత బుడిపేమిటి? చూసుకోవద్దూ, మొద్దూ!"

పెద్దల్లుడు కూర్చున్నాడు. తోడల్లుడికేసి ఒకసారి తిరిగి చూశాడు, విన్నావా అన్నట్టు.

"ఆ క్లిప్పు చెరిపెయ్యి తమ్ముడూ" అన్నాడు తరవాత, మెల్లగా.

"క్లౌడులో ఎలాగూ నెలకి పోతుంది, అన్నయ్యగారూ. కానీ అత్తయ్య ఒక కాపీ కావాలంటున్నారు. ఎక్కడో కంపెనీ వాళ్ళ దగ్గర కాదట, ఇంట్లోనే ఉండాలట. మీ పెట్టెలో పెట్టమంటారా?"

"నిఘంటువుల వెనక ఉంది" అంది అతని భార్య.

మామగారి ఫొటో మళ్ళీ మేకుకు ఎక్కింది. మర్నాటి నుంచి అత్తగారు యథాప్రకారం "అల్లుడుగారూ" అనడం మొదలుపెట్టారు, కోపం వస్తే మాత్రం మర్చిపోతారు. కోపం తెప్పించడానికి అతను తన వంతు కృషి చేస్తున్నాడు. కొత్త గొడుగు తలుపు వెనకే ఉంది, దాన్ని ఎవరూ తీయరు. పాతదాన్ని ఆవిడ మొదటిసారి అల్లుళ్ళిద్దరి ముందూ పెట్టి, "ఆయన చేయించలేరు కదా ఇంక. మీరే చేయించండి" అన్నారు. పెద్దల్లుడు లైబ్రరీ వెనక సందులో గొడుగులు బాగుచేసేవాడు మంచివాడంటాడు. చిన్నల్లుడు తన ఆఫీసు ఎదుటివాణ్ణి మించినవాడు లేడంటాడు.

ఫ్లూటు మాస్టారికి క్షమాపణ ఇంకా చెప్పలేదు. ఊచ ఇంకా విరిగే ఉంది.